క్రెడిట్ కార్డు బాకీ 1,86,400 అయింది, బ్యాంకు సెటిల్‌మెంట్ అంటోంది. ఒప్పుకోవాలా వద్దా?

నరసన్నపేట_తమ్ముడు
అందరికీ నమస్కారం. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను, చేతికి 24,000 వస్తుంది. పోయినేడు అమ్మకి విశాఖలో ఆపరేషన్ అయింది. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ వైద్య సేవ పథకం కింద పోయింది గానీ ముందు చేయించిన పరీక్షలు, తర్వాత మందులు, అక్కడ గది అద్దె, రానుపోను ఖర్చులు అన్నీ రెండు కార్డుల మీద గీకాను. తర్వాత ఫ్యాక్టరీలో ఓటీలు (అదనపు గంటల పని) ఆపేశారు. అప్పటి నుంచి లెక్క తప్పింది.

పెద్ద కార్డు కట్టక అయిదో నెల. స్టేట్‌మెంట్‌లో 1,86,400 చూపిస్తోంది. రెండోది వేరే బ్యాంకుది, 64,000. దానికి ఒక బిల్లే తప్పింది. నా జీతం ఖాతా ఈ రెండో బ్యాంకులోనే ఉంది.

నిన్న ఒకాయన ఫోన్ చేసి "ఈ రోజు సాయంత్రం అయిదు లోపు 1,50,000 వేసేయ్, మిగతాది వదిలేసి క్లోజ్ చేసేస్తాం, రేపటి నుంచి ఆఫర్ ఉండదు" అన్నాడు. శ్రీకాకుళం బ్రాంచికి వెళ్తే "కార్డుల సంగతి మాది కాదు బాబూ, కస్టమర్ కేర్‌కి చెయ్యి" అన్నారు. టెన్షన్‌తో రాత్రి డ్యూటీలో కూడా మనసు నిలవడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పండి.

నాగావళి_గట్టు
తమ్ముడూ, ముందు ఊపిరి పీల్చుకో. నేను విశాఖలో ఒక బ్యాంకు కార్డుల వసూళ్ల విభాగంలో కొన్నేళ్లు పని చేశాను, ఇప్పుడు మానేశాను. "సాయంత్రం అయిదు లోపు" అన్న మాట రోజూ అందరికీ చెప్పే మాటే. ఆ ఆఫర్ రేపూ ఉంటుంది, నెలాఖరుకి ఇంకా తగ్గుతుంది కూడా. వాళ్లకి నెలవారీ టార్గెట్ ఉంటుంది కాబట్టి ఇరవై అయిదో తారీఖు దాటాక మాట మెత్తబడుతుంది.

లోపల జరిగేది ఏమిటంటే, కట్టని రోజులను బట్టి ఖాతాలను బకెట్లుగా విడగొడతారు. ముప్పై రోజుల లోపు ఒకటి, అరవై వరకు ఒకటి, తొంభై వరకు ఒకటి. బిల్లులోని గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా కనీస మొత్తమైనా పూర్తిగా కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత ఇంకా ముదిరితే రైటాఫ్ చేస్తారు. రైటాఫ్ అంటే మాఫీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాదు. అది బ్యాంకు పుస్తకాల్లో సర్దుబాటు మాత్రమే, నీ బాకీ నీ మీదే ఉంటుంది.

నీ పెద్ద కార్డు ఎన్‌పీఏ అయిపోయింది. చిన్నది ఇంకా కాలేదు. రెండూ ఒకే రకంగా చూడకు. పెద్ద కార్డులో నువ్వు నిజంగా ఖర్చు పెట్టింది ఎంత, వడ్డీ, లేటు ఫీజు, జీఎస్టీ కలిపి ఎంత? పాత స్టేట్‌మెంట్లు తీసి లెక్క కట్టి ఇక్కడ పెట్టు. అదొక్కటీ తెలియకుండా ఎవరితోనూ బేరం మొదలుపెట్టకు.

పలాస_జీడి
ఒక్క మాట చెప్పి పోతాను. ఫోన్‌లో మాట్లాడినవాడి సొంత నంబరుకి మాత్రం పైసా పంపకండి. మాది చిన్న జీడిపప్పు ఒలిచే యూనిట్. 2020 లాక్‌డౌన్‌లో సరుకు కదలక కార్డు ఆగింది. వసూలుకి వచ్చినాయన "నాకు ఫోన్‌పే చెయ్యండి, నేను కట్టేస్తాను" అంటే 20,000 పంపాను. బ్యాంకుని అడిగితే అలాంటి జమే లేదన్నారు. స్క్రీన్‌షాట్లు పెట్టి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాసి, చాలా తిరిగాక గానీ దాన్ని నా ఖాతాలో చూపించలేదు. కార్డు నంబరుకే కట్టాలి, లేదా బ్యాంకు యాప్‌లో కట్టాలి. మూడో దారి లేదు.

నరసన్నపేట_తమ్ముడు
నాగావళి అన్నయ్యా, లెక్క తీశాను. పెద్ద కార్డులో ఖర్చులు, నేను కట్టినవి తీసేస్తే 1,41,000. మిగతా 45,400 వడ్డీ, లేటు ఫీజులు, జీఎస్టీ. ఆగిపోయే దాకా నెలనెలా మినిమం కడుతూనే ఉన్నాను కదా, మరి అసలు ఎందుకు తగ్గలేదో నాకు అంతు పట్టడం లేదు.

నాగావళి_గట్టు
చూడు. నీ కార్డు వడ్డీ నెలకి 3.6 శాతం అనుకుందాం. చాలా కార్డులకి ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఏడాదికి 43 శాతం పైమాటే. 1,50,000 మీద నెల వడ్డీ 5,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 972. మొత్తం 6,372. మినిమం అయిదు శాతం లెక్కన 7,500 కట్టావు. అంటే అసలుకి పోయింది 1,128 రూపాయలు. మళ్లీ అదే నెలలో కిరాణాకో పెట్రోలుకో ఆ కార్డే వాడితే, ఆ కొనుగోలు మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. పాత బాకీ ఉన్నంతవరకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఏటీఎంలో కార్డుతో డబ్బు తీస్తే సరేసరి, బాకీ ఉన్నా లేకపోయినా ఆ రోజు నుంచే వడ్డీ.

పూర్వం కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి "వడ్డీ ఎక్కువేశారు, చెల్లదు" అని వాదించి లాభం లేదు. వడ్డీలో తగ్గింపు అడిగి తెచ్చుకోవాలంతే.

బొబ్బిలి_టీచరమ్మ
నేను వేరే మాట చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. సెటిల్‌మెంట్ జోలికి పోవద్దు బాబూ. మావారు పెళ్లికి ముందు ఒక కార్డు సెటిల్ చేసుకున్నారు. చిన్న మొత్తమే. ఇప్పుడు బొబ్బిలిలో ఇల్లు కట్టుకుందామని ఇద్దరి పేరున లోనుకి పెడితే, ఆయన సిబిల్ రిపోర్టులో (అప్పులు ఎలా కట్టామో చూపే రిపోర్టు) "సెటిల్డ్" అని ఉందని మేనేజరు ఫైలు వెనక్కి ఇచ్చేశారు. నా జీతం, నా స్కోరు బాగానే ఉన్నాయి. అయినా కుదరలేదు. చివరికి ఆయన్ని పక్కన పెట్టి నా ఒక్కదాని పేరుతో తక్కువ మొత్తానికి తీసుకోవాల్సి వచ్చింది.

కష్టమో నష్టమో బంగారం కుదువ పెట్టి అయినా పూర్తిగా కట్టేస్తే "క్లోజ్డ్" అని పడుతుంది. బ్యాంకులో అయితే బంగారం మీద వడ్డీ కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ. నీకింకా పెళ్లి, ఇల్లు, అన్నీ ముందున్నాయి.

నాగావళి_గట్టు
అమ్మా, మీరు చెప్పింది నిజమే. సెటిల్ చేసుకుంటే రిపోర్టులో ఆ ముద్ర ఏళ్ల తరబడి కనిపిస్తుంది, గృహరుణం ఇచ్చేవాళ్లు దాన్ని చూస్తారు. పైగా 2023 జూన్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం, రాజీ పడిన ఖాతాదారుకి అదే బ్యాంకు కొత్త అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి.

కాకపోతే తమ్ముడి లెక్క చూడండి. 24,000 జీతం, ఇంట్లో మందుల ఖర్చు. 1,86,400 పూర్తిగా కట్టాలంటే బంగారం ఉండాలి కదా. ఆ ఖాతా ఇప్పటికే ఎన్‌పీఏ అని రిపోర్టులోకి ఎక్కేసింది. అలాగే వదిలేస్తే "రైటాఫ్" అని పడుతుంది, అది సెటిల్డ్ కంటే చెడ్డది. నా సలహా: చిన్న కార్డుని ఎట్టి పరిస్థితుల్లోనూ సెటిల్ చెయ్యవద్దు, దాన్ని ఈఎంఐ కింద మార్పించి ప్రతి పైసా కట్టు. పెద్ద కార్డుకి ముందు ఈఎంఐ అడుగు. వాళ్లు కాదంటేనే సెటిల్‌మెంట్.

64,000ని 24 నెలలకి, 18 శాతం వడ్డీకి మార్పిస్తే నెలకి సుమారు 3,200 పడుతుంది, వడ్డీ మీద జీఎస్టీ అదనం. కార్డు బ్లాక్ చేస్తారు. చేయనియ్యి, మంచిదే.

బొబ్బిలి_టీచరమ్మ
చిన్న కార్డు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. పెద్ద కార్డు విషయంలో మాత్రం, పీఎఫ్ ఉంటుంది కదా ఫ్యాక్టరీలో? ఇంట్లోవాళ్ల వైద్యానికి పీఎఫ్‌లో అడ్వాన్సు తీసుకునే వీలుంది. అది అప్పు కాదు, వడ్డీ లేదు. అమ్మగారి మందులు దాంతో గడిస్తే జీతం బాకీకి మళ్లించొచ్చు. హెచ్ఆర్‌ని అడిగి చూడు.

రాజాం_కిరణ్
ఇంత తలనొప్పి ఎందుకు బ్రో? హైదరాబాద్‌లో సెటిల్‌మెంట్ కంపెనీలు ఉన్నాయి. మిగిల్చిన దాంట్లో 15 శాతం ఫీజు తీసుకుని మొత్తం వాళ్లే చూసుకుంటారు. ఫోన్లు కూడా వాళ్లకే మళ్లిస్తారు. నా ఫ్రెండ్ చేరాడు.

నాగావళి_గట్టు
కిరణ్, నీ ఫ్రెండ్‌కి పని పూర్తయిందా లేక చేరాడంతేనా? ఇలాంటివాళ్లు చెప్పే మొదటి మాట "ఇప్పటి నుంచి ఏ కార్డుకీ కట్టొద్దు" అని. బాగా నడుస్తున్న ఖాతా కూడా దాంతో చెడుతుంది. ఈలోగా నెలనెలా వాళ్ల ఫీజు వాళ్లు తీసుకుంటారు. వసూలువాళ్లు ఇంటికి రావడం ఆగదు, ఎందుకంటే మధ్యవర్తితో మాట్లాడి తీరాలన్న రూలు బ్యాంకుకి లేదు. ఆ కంపెనీ చేసే మెయిలు, ఆ కంపెనీ చేసే ఫోను ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు. తమ్ముడి దగ్గర ఆ 15 శాతం ఉంటే అది బాకీకే కట్టాలి.

రాజాం_కిరణ్
ఫ్రెండ్‌ని కనుక్కున్నాను. ఇంకా ఏదీ సెటిల్ కాలేదట, ఫీజు మూడు వాయిదాలు కట్టాడు. వాడికి ఈ చర్చ లింకు పంపాను.

గజపతినగరం_వకీలు
కోర్టు వైపు నుంచి నాలుగు మాటలు. నేను విజయనగరం కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇలాంటి కేసులతో వచ్చేవాళ్ల ముఖాల్లో భయం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే అందులో సగం భయం వాట్సాప్‌లో వచ్చిన కాగితాల వల్లే.

కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు. అది సివిల్ వ్యవహారం. పోలీసులు వచ్చి పట్టుకుపోరు. కార్డు హామీ లేని అప్పు కాబట్టి ఎవరో వచ్చి ఇంటికి తాళం వేయడమూ జరగదు. బ్యాంకు సివిల్ దావా వేయొచ్చు, డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) తెచ్చుకోవచ్చు. డిక్రీ వచ్చాక కూడా జీతం మొత్తం అటాచ్ (జప్తు) చేయడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు.

జాగ్రత్త పడాల్సింది చెక్కుల దగ్గర. వసూలుకి వచ్చినవాళ్లు "భరోసాకి ఒక చెక్కు ఇవ్వండి" అంటారు. ఇవ్వకండి. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది, రెండేళ్ల దాకా జైలు శిక్షకి వీలుంది. సివిల్ బాకీని మీ చేత్తో మీరే క్రిమినల్ కేసుగా మార్చుకున్నట్టు. ఖాతా నుంచి ఆటోమేటిగ్గా కోత పడే మాండేట్ ఇచ్చి అది వెనక్కి పోయినా ఇదే తరహా చిక్కు ఉంది.

లోక్ అదాలత్ నోటీసు వస్తే కంగారు పడొద్దు. అది అరెస్టు వారెంటు కాదు, రాజీకి పిలుపు. అసలైనదో కాదో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. వెళ్తే నష్టం లేదు, లాభమే ఉండొచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడ ఒప్పుకున్న మొత్తం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టండి. ఉచిత న్యాయ సహాయం ఫ్యాక్టరీ కార్మికులకీ, స్త్రీలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఆమదాలవలస_అక్క
లాయరు గారూ, నాదొక ప్రశ్న. మా తమ్ముడు కార్డు తీసుకున్నప్పుడు రిఫరెన్సుగా నా నంబరు ఇచ్చాడట. ఇప్పుడు పొద్దున్న ఆరున్నరకీ, రాత్రి తొమ్మిదికీ నాకు ఫోన్లు. "మీ తమ్ముడి బాకీ మీరు కట్టాలి, లేకపోతే మీ సంఘం మీటింగ్‌కి వచ్చి చెబుతాం" అన్నారు. నేను డ్వాక్రా సంఘంలో లీడర్ని. పదిమందిలో మాట పోతే ఎలాగండీ? మా సంఘం లోనుకి ఏమైనా అవుతుందా?

గజపతినగరం_వకీలు
అమ్మా, రిఫరెన్సుగా నంబరు ఇచ్చినంత మాత్రాన మీరు హామీదారు కారు. మీరు సంతకం పెట్టలేదు, మీకు బాధ్యత లేదు. మీ సంఘం లోనుకీ మీ తమ్ముడి కార్డుకీ సంబంధమే లేదు.

2022 ఆగస్టులో ఆర్‌బీఐ బ్యాంకులకు స్పష్టంగా రాసింది. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. పదిమందిలో అవమానించకూడదు. కుటుంబ సభ్యులు, రిఫరెన్సులు, స్నేహితుల జోలికి వెళ్లకూడదు. ఏజెంటు తప్పు చేసినా బాధ్యత బ్యాంకుదే. మీరు చేయాల్సింది: కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీయండి, మాట రికార్డు చేయండి, తేదీ, సమయం రాసి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, ఆర్‌బీఐ వారి సీఎంఎస్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. బెదిరింపు మితిమీరితే పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వండి.

నరసన్నపేట_తమ్ముడు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వీధికే వచ్చేశారు. నేను బి షిఫ్ట్‌లో ఉన్నాను. ఇద్దరు బండి మీద వచ్చి, అరుగు మీద కూర్చున్న అమ్మతో "మీ అబ్బాయి బ్యాంకుని ముంచేశాడు" అని గట్టిగా అన్నారట. ఎదురింటివాళ్లు, చిల్లర కొట్టు దగ్గరున్నవాళ్లు అందరూ విన్నారు. అమ్మ రాత్రి అన్నం తినలేదు. బాకీ ఉన్నది నిజమే, కడతానంటున్నాను. ఆపరేషన్ అయిన మనిషిని అలా అనడానికి వాళ్లకి నోరెలా వచ్చిందో.

నాగావళి_గట్టు
చదువుతుంటే కడుపు మండింది తమ్ముడూ. ఈసారి వస్తే ఐడీ కార్డూ, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రమూ చూపించమని ఫోటో తీసుకోమను. అవి లేకుండా రావడానికి వాళ్లకి వీల్లేదు. అమ్మకి ధైర్యం చెప్పు.

ఇప్పుడు రాతలోకి దిగుదాం. ఫోన్ మాటలు ఆపు. బ్యాంకు కస్టమర్ కేర్‌కి, నోడల్ అధికారికి ఒకే మెయిల్ పెట్టు. ఇలా ఉండాలి, ఇంగ్లీషులో రాయించుకో:

"నా కార్డు చివరి నాలుగు అంకెలు ఫలానా. తల్లి శస్త్రచికిత్స వల్ల, ఆదాయం తగ్గడం వల్ల ఫలానా నెల నుంచి కట్టలేకపోయాను. బాకీ తీర్చాలనే ఉద్దేశం నాకుంది. ఈ బాకీని నెలకి 4,000 మించని వాయిదాలుగా మార్చమని కోరుతున్నాను. అది వీలుకాకపోతే రాజీ మొత్తాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి. ఫలానా తేదీన మీ ప్రతినిధులు నేను లేని సమయంలో నా తల్లితో ఇరుగుపొరుగు ముందు అవమానకరంగా మాట్లాడారు. ఇకపై నన్ను మాత్రమే, ఈ మెయిల్ ద్వారా గానీ ఉదయం 8 నుంచి రాత్రి 7 మధ్య ఈ నంబరులో గానీ సంప్రదించండి."

జీతం సర్టిఫికెట్, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు జత చెయ్యి. కష్టం నిజమని చూపించే కాగితం ఉన్నవాడికీ, ఊరికే తగ్గించమనేవాడికీ లోపల తేడా చూస్తారు. ఆ ఫైలు పైకి పంపాలంటే వాళ్లకీ ఆధారం కావాలి.

ఇంకొకటి. నీ జీతం పడే ఖాతా చిన్న కార్డు బ్యాంకులోనే ఉందన్నావు. ఆ కార్డు కూడా ముదిరితే బ్యాంకు ఆ ఖాతా మీద లీన్ పెట్టి డబ్బు ఆపేయొచ్చు. నెల మొదట్లో బియ్యానికీ మందులకీ చేతిలో పైసా ఆడదు. కాబట్టి అది ముదరకముందే ఈ వారంలోనే ఈఎంఐ కింద మార్పించు.

గజపతినగరం_వకీలు
మెయిల్‌కి నా అనుబంధం ఒకటి. బాకీ ఉందని రాతలో ఒప్పుకుంటే, దావా వేయడానికి ఉండే మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కొంత కట్టి, దానికి మీ సంతకమో రాతో ఉన్నా అంతే. తమ్ముడి బాకీ కొత్తది కాబట్టి ఇతనికి ఫరవాలేదు. ఎప్పటిదో పాత బాకీ ఉన్నవాళ్లు మాత్రం ఈ మెయిల్ నమూనాని అలాగే దించేయకుండా ముందు ఒక వకీలుకి చూపించండి.

నరసన్నపేట_తమ్ముడు
చిన్న కార్డు ఈఎంఐ అయింది! 24 నెలలు, నెలకి 3,200 చిల్లర, జీఎస్టీ అదనం. తప్పిన బిల్లు తాలూకు లేటు ఫీజు కూడా అడగ్గానే తీసేశారు.

పెద్ద కార్డువాళ్లు ఈఎంఐ ఇవ్వం, ఎన్‌పీఏ అయిపోయింది అన్నారు. మెయిల్ పెట్టాక మాత్రం ఫోన్ చేసే మనిషే మారాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు. 1,50,000 నుంచి 1,25,000కి వచ్చాడు. నేను ఎంత చెప్పాలి?

నాగావళి_గట్టు
నువ్వు ఖర్చు పెట్టింది 1,41,000. దాని కంటే తక్కువకి వస్తారా అంటే, వస్తారు, ఒక్కొక్కరికి ఒక్కోలా. నీ దగ్గర నిజంగా ఎంత పోగవుతుందో ముందు అది చెప్పు. లేని డబ్బుకి ఒప్పుకుంటే ఒక వాయిదా తప్పగానే ఒప్పందం రద్దవుతుంది, కట్టింది వడ్డీ కింద జమేసుకుని మళ్లీ మొత్తం బాకీ చూపిస్తారు. చాలామంది దెబ్బతినేది అక్కడే.

నరసన్నపేట_తమ్ముడు
టీచరమ్మ గారు చెప్పినట్టు పీఎఫ్ అడ్వాన్సుకి పెట్టాను, వస్తుందంటున్నారు. మా బావ కొంత సర్దుతానన్నాడు. మూడు నెలల్లో లక్ష దాకా చేరుతుంది. అంతకు మించి నా వల్ల కాదు.

నాగావళి_గట్టు
అయితే 80,000 దగ్గర మొదలుపెట్టు. 1,00,000 దాటొద్దు. ఒకే మాట మీద ఉండు: "నా దగ్గర ఉన్నది ఇదీ, ఎలా వస్తుందో కాగితాలు పంపాను." వాడు "పై వాళ్లని అడుగుతా" అంటే సరే అని పెట్టేయ్. మళ్లీ నువ్వు చేయకు, వాడే చేస్తాడు. గొడవ పడకు, బతిమాలకు.

నరసన్నపేట_తమ్ముడు
ఇరవై ఎనిమిదో తారీఖున ఫోన్ వచ్చింది. ఆయన 1,10,000 అన్నాడు, నేను 85,000 అన్నాను. "ఇంకో పది వెయ్యండి" అన్నాడు. రెండు గంటల తర్వాత మళ్లీ చేసి 98,000, మూడు వాయిదాల్లో అన్నాడు: 38,000, 30,000, 30,000. వెంటనే మొదటిది కట్టేయండి, లెటర్ తర్వాత వస్తుంది అన్నాడు. లెటర్ వచ్చాకే కడతానన్నాను. కొంచెం విసుక్కున్నాడు గానీ సాయంత్రానికి లెటర్ మెయిల్‌లో వచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం తెలుగులో రాస్తున్నాను: "మీరు చెల్లించే 98,000 రూపాయలు మీ బాకీ కింద జమ చేసుకోబడును." కార్డు చివరి అంకెలు సరిగానే ఉన్నాయి. కట్టేయనా?

గజపతినగరం_వకీలు
ఆగండి, కట్టొద్దు. "బాకీ కింద జమ" అంటే పాక్షిక చెల్లింపు అని కూడా చదవొచ్చు. మీరు 98,000 కట్టాక మిగతా 88,400 ఇంకా ఉందంటే ఈ కాగితం మిమ్మల్ని కాపాడదు. ఉండాల్సిన మాటలు ఇవి: 98,000 రూపాయలు "పూర్తి, తుది పరిష్కారం"గా అంగీకరిస్తున్నామని, మిగతాది రద్దు చేస్తున్నామని, మూడు వాయిదాల తేదీలు, మొత్తాలు, చివరి వాయిదా తర్వాత బకాయి లేదన్న సర్టిఫికెట్ ఇస్తామని. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, బ్యాంకు సొంత డొమైన్ మెయిల్ నుంచి రావాలి.

నాగావళి_గట్టు
ఇంకో సంగతి. ఆ కార్డు మీద ఎప్పుడైనా ఫోనో మరోటో ఈఎంఐలో కొన్నావా? కార్డు మీద లోను తీసుకున్నావా? అలా ఉంటే దానికి వేరే లోను నంబరు ఉంటుంది. లెటర్‌లో అది లేకపోతే కార్డు సెటిలై, ఆ లోను మాత్రం బాకీగానే మిగిలిపోతుంది. మా దగ్గరికి అలా మళ్లీ వచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

నరసన్నపేట_తమ్ముడు
అమ్మో, ఉంది అన్నయ్యా. ఆసుపత్రి బిల్లులో 40,000 అప్పుడే ఈఎంఐకి మార్చారు. అది 1,86,400లోనే కలిసి ఉందనుకున్నాను. లెటర్‌లో ఆ నంబరు లేదు.

నాగావళి_గట్టు
ఈఎంఐలు ఆగిపోయాక సాధారణంగా మిగిలిన మొత్తాన్ని కార్డు బాకీలోనే కలిపేస్తారు, నీ అంకెలోనే ఉండొచ్చు. అయినా ఊహ మీద కట్టొద్దు. ఆ లోను నంబరు కూడా రాసి సవరించిన లెటర్ పంపమని మెయిల్ చెయ్యి.

నరసన్నపేట_తమ్ముడు
కొత్త లెటర్ వచ్చింది. "పూర్తి, తుది పరిష్కారం" అని ఉంది, కార్డు, లోను నంబర్లు రెండూ ఉన్నాయి, మూడు తేదీలు ఉన్నాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ లెటర్ మీదేనా అని అడిగితే రిఫరెన్సు నంబరు సరిపోయిందన్నారు. మొదటి 38,000 బ్యాంకు యాప్ నుంచి కార్డు నంబరుకే కట్టాను, రసీదు దాచాను. ఇంటికి ఎవరూ రావడం లేదు. అమ్మ మళ్లీ అరుగు మీద కూర్చుంటోంది.

ఆమదాలవలస_అక్క
మంచి మాట విన్నాం బాబూ. నేనూ మెయిల్ పెట్టాను. బ్యాంకు నుంచి క్షమాపణ జవాబు వచ్చింది, నా నంబరు తీసేస్తామన్నారు. మూడు రోజులుగా ఫోన్ లేదు.

నరసన్నపేట_తమ్ముడు
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. మూడు వాయిదాలూ తేదీ తప్పకుండా కట్టాను. బకాయి లేదన్న సర్టిఫికెట్ రెండుసార్లు గుర్తు చేశాక వచ్చింది. కానీ సిబిల్ రిపోర్టు తీస్తే ఇంకా 88,400 బాకీ అనే చూపిస్తోంది.

గజపతినగరం_వకీలు
సిబిల్ సైటులోనే డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) పెట్టండి, సర్టిఫికెట్ చూసి సరిచేయమని బ్యాంకుకీ మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది, మెయిల్‌లో ఆ మాట కూడా రాయండి. సిబిల్ లాంటి మిగతా క్రెడిట్ బ్యూరోలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ రిపోర్టులు కూడా చూసుకోండి. నాలుగింటిలోనూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం.

బొబ్బిలి_టీచరమ్మ
బాబూ, తర్వాత చెయ్యి ఆడినప్పుడు ఆ 88,400 కట్టేసి "సెటిల్డ్" తీయించుకోవచ్చా? మావారి సంగతి కూడా దానికోసమే అడుగుతున్నాను.

నాగావళి_గట్టు
అడగొచ్చమ్మా, ఒప్పుకునే బ్యాంకులు ఉన్నాయి. ముందు మెయిల్‌లో అడగండి: మిగతా మొత్తం కడితే ఖాతాని "క్లోజ్డ్" అని మార్చి క్రెడిట్ బ్యూరోలకి పంపుతారా అని. పంపుతామని రాతలో వచ్చాకే కట్టండి. మీవారిది చిన్న మొత్తమే అన్నారు కాబట్టి ప్రయత్నించడం మంచిది. పాత కార్డు నంబరు లేకపోతే సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా చివరి అంకెలు, బ్యాంకు పేరు ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి.

నరసన్నపేట_తమ్ముడు
డిస్ప్యూట్ పెట్టాను. నంబరు వచ్చింది. చిన్న కార్డు ఈఎంఐ ఈ నెలది కూడా కట్టాను.